డిజిటల్ సంగీతమునకు ప్రీ ఆంప్లిఫయరు అవసరమా?

ఇంట సంగీతము వినుటకు డిజిటల్ సాధనములు అమర్చుకొన్నవారిని ఒక సందేహము వేధించుచుండును. అంకెల రూపమున నిలిచియున్న సంగీతమును విద్యుత్తరంగముగ మార్చు కన్వర్టరు ఒకటి ఉన్నది. ఆ తరంగమునకు స్పీకర్లను కదలించు బలమిచ్చు పవర్ ఆంప్లిఫయరు మరియొకటి ఉన్నది. ఈ రెంటి నడుమ ప్రీ ఆంప్లిఫయరు అను మూడవ పెట్టె నుంచినచో ధ్వని మెరుగగునని కొందరు, చెడునని కొందరు చెప్పుచుందురు. దాని వెల ఒక్కొక్కప్పుడు స్పీకర్ల వెలతో సమానము. కావున కొనుటకు ముందే అది చేయు పనిని విచారింతము.

ప్రీ ఆంప్లిఫయరు గ్రామఫోను రికార్డుల నాటి అవసరము. రికార్డుపై నడచు మాగ్నెట్ పికప్ నుండి వెలువడునది సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. పవర్ ఆంప్లిఫయరు పూర్తి శక్తితో పనిచేయుటకో, సాధారణముగ 1 లేక 2 వోల్టులు కావలెను. అనగా వందల రెట్లు పెంచవలసియుండెను. మరియు రికార్డును కోయునపుడు మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను హెచ్చించెడివారు. వినునపుడు వానిని తిరిగి సరిచేయు భారము కూడ ఆ పెట్టెదే.

1982లో విక్రయమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు ఈ స్థితిని మార్చినది. దానిని వాయించు యంత్రము నుండి సుమారు 2 వోల్టులు నేరుగ లభించును. స్వరములను సరిచేయవలసిన పనియు లేదు. నేటి కన్వర్టర్లలో పెక్కు ఇదే రీతివి. కావున పెంచు పని తీరిపోయి, తగ్గించు పనియే, అనగా వాల్యూము పనియే మిగిలినది. దానిని మూడు విధములుగ నెరవేర్చవచ్చును.

మొదటిది, అంకెలలోనే తగ్గించుట. 6 డెసిబెల్ తగ్గించిన కొలది ఒక బిట్టు చొప్పున సూక్ష్మత తరుగును. అయినను 16 బిట్ల సంగీతమును 24 బిట్ల లెక్కలో నడపినచో 8 బిట్లు మిగులుగ నుండును. 48 డెసిబెల్ వరకు లెక్కలో లోటు రాదు. కాని సంగీతము తగ్గినను కన్వర్టరులోని సన్నని హోరు తగ్గదు. స్పీకర్లు మిక్కిలి సున్నితమైనవైనచో అది చెవికి సోకవచ్చును. మరియొక అపాయము గలదు: ఏదేని పొరపాటున వాల్యూము ఒక్కసారి పూర్తిస్థాయికి పోయినచో స్పీకర్లకే ముప్పు.

రెండవది, నడుమ సాధారణ వాల్యూం కంట్రోలు మాత్రము పెట్టుట. ఇందు తీగ పొడవును గమనింపవలెను. 10,000 ఓముల కంట్రోలుతో 5 మీటర్ల తీగ వాడినను, వినికిడికి అందు స్వరములకు హాని లేదు. అదే తీగకు 1,00,000 ఓముల కంట్రోలు తగిలించినచో, సెకనుకు సుమారు 13,000 కంపనముల యొద్దనే శక్తి సగమునకు పడిపోవచ్చును. తాళముల మెరుపు మాయును.

మూడవది ప్రీ ఆంప్లిఫయరు. పొడవైన తీగను ధాటిగ నడపుట, రేడియో, టేపు, డిస్కు మున్నగువానిని ఒకేచోట మార్చుకొనుట, వాల్యూమును చేతికి అందుబాటున నుంచుట దీని ప్రయోజనములు. ఈ అవసరములు గల ఇంట అది సార్థకమే. కాని నూతిలో లేని నీరు చేదలోనికి రాదు. కన్వర్టరు విడిచిన తరంగమున లేని స్వరమును ఏ ప్రీ ఆంప్లిఫయరును చేర్చజాలదు. తన వంతు హోరును కొంత కలుపును.

అట్లయిన, దానిని చేర్చగనే ధ్వని బాగుపడెనని పలువురు చెప్పుట అసత్యమా? అసత్యము కాదు, వారు విన్నది నిజమే, చెప్పిన కారణము వేరు. రెండు ధ్వనులలో రవ్వంత హెచ్చుగ నున్నదే చెవికి ఇంపుగ తోచును. వాల్వులు గల ప్రీ ఆంప్లిఫయరులు కొన్ని మూలములో లేని అనుస్వరములను కలిపి, ఒక విధమగు మాధుర్యము నిచ్చును. అది రుచి, దానిని కోరుట తప్పుకాదు. కాని యథార్థత వేరు, రుచి వేరు.

కావున పరీక్ష యిట్లు చేయుడు. ఒక స్థిరస్వరమును మ్రోగించి, స్పీకరు కొనల యొద్ద వోల్టుమీటరుతో రెండు ఏర్పాటులను 0.1 డెసిబెల్ లోపల, అనగా నూటికి ఒకటి తేడాలో, సమము చేయుడు. ఏది ఎప్పుడు మ్రోగుచున్నదో మీకు తెలియకుండ మరియొకరిని మార్చుమనుడు. తెలిసిన పాటనే పదిమారులు వినుడు. అప్పుడును భేదము స్పష్టముగ పట్టుబడినచో దానికి కారణము వెదకవచ్చును.

భేదము తెలియనిచో ఆ ధనమును మంచి స్పీకర్లకు వెచ్చించుడు. వాని నడుమ, వినువాని నడుమ దూరములను సరిచూచుకొనుడు. ఖాళీ గోడలకు మందపు తెరలు, నేలకు తివాచీ సమకూర్చుడు. వీనివలన కలుగు మార్పును పట్టుటకు వోల్టుమీటరు అక్కరలేదు, ఇంటిల్లిపాదికిని వినబడును.