జేబులోని అమానతు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులతో జీవించాలని ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు హితవు చేస్తున్నాను.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి నగిషీలు గల ఉన్ని దుప్పటి ధరించి నమాజు చేశారు. నమాజులో వారి చూపు ఆ నగిషీలపై పడింది. నమాజు ముగియగానే ఆ దుప్పటిని అబూ జహమ్ (రజి)కు పంపివేయమని, దానికి బదులు ఆయన వద్దనున్న సాదా దుప్పటిని తెమ్మని చెప్పారు. అది తమ ధ్యాసను నమాజు నుండి మళ్ళించిందని తెలిపారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

సోదరులారా! ఆ దుప్పటి హరామ్ వస్తువు కాదు. అయినా అది మనసును అల్లాహ్ నుండి క్షణకాలం మళ్ళించింది కనుక మహాప్రవక్త (సఅసం) దానిని తమ వద్ద ఉంచుకోలేదు. మరి మన జేబులో ఉన్న ఫోను సంగతేమిటి? నమాజులో అది మోగకపోయినా, అందులో మనకోసం వేచి ఉన్న సందేశాల ఆలోచన రుకూలోనూ సజ్దాలోనూ మనలను వెంటాడడం లేదా?

ఒక్కసారి మీ ఫోనును గుర్తుచేసుకోండి. ఎన్నడూ చూడని వేలాది చిత్రాలు, ఎవరో పంపగా మరెవరికో పంపిన వీడియోలు, ఎందుకు చేరామో మరచిపోయిన గ్రూపులు. అధికం కావాలన్న పోటీ మనుషులను సమాధుల దాకా ఏమరుపాటులో ఉంచుతుందని అత్తకాసుర్ సూరా హెచ్చరిస్తోంది. సంపదతో ఇల్లు నిండిన వానికి అది ఎంత వర్తిస్తుందో, వ్యర్థంతో ఫోను నిండిన వానికీ అంతే వర్తిస్తుంది. సాఫల్యం పొందే విశ్వాసుల గుణాలను చెబుతూ అల్ ముమినూన్ సూరా, నమాజులో అణకువ తరువాత వెంటనే వ్యర్థ విషయాలకు దూరంగా ఉండడాన్ని పేర్కొన్నది. ఈ రెండూ పక్కపక్కన ఉండడంలో గొప్ప పాఠముంది. వ్యర్థాన్ని వదలనివానికి అణకువ అబ్బదు.

కొంతకాలం క్రితం ఒక జనాజా నమాజు ముగిశాక, మరణించిన వ్యక్తి కుమారుడు నా వద్దకు వచ్చాడు. "హజ్రత్! ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నారో ఫోనులో రాసి పెట్టానని అబ్బా అనేవారు. అంతా వెతికాం. వేల ఫొటోలు కనిపించాయి గాని ఆ లెక్క దొరకలేదు" అన్నాడు. బాకీ ఉన్నవారు వచ్చి చెప్పవలసిందిగా మస్జిదులో ప్రకటించాం. ఇద్దరు వచ్చారు. మూడవవారు ఉన్నారో లేదో అల్లాహ్‌కే తెలుసు.

మూడు దీనార్ల అప్పు మిగిలిన ఒక వ్యక్తి జనాజా నమాజును దైవప్రవక్త (సఅసం) తాము చేయించక, మీరే చేసుకోండని సహచరులతో అన్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తీర్చే బాధ్యత వహించిన తరువాతనే నమాజు చేయించారు. అప్పును వ్రాసి ఉంచమని అల్ బఖరా సూరా ఆదేశించింది. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు అదే. వ్రాసినది వారసులకు దొరకకుంటే ఆ వ్రాత వల్ల ప్రయోజనమేమిటి?

కాబట్టి సోదరులారా, ఈ వారం ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, పాపాన్ని తుడిచివేయండి. చూడకూడని దృశ్యం ఏదైనా ఉంటే తౌబాతో పాటు దానినీ తొలగించండి. పాపానికి దారి తెరిచి ఉంచుకొని చేసే తౌబా ఎంతకాలం నిలుస్తుంది?

రెండవది, ఇతరుల పరువును కాపాడండి. ఎవరి లోపమో తెలిపే ఫొటో, ఎవరి కుటుంబ రహస్యమో ఉన్న వాయిస్ సందేశం మీ వద్ద ఉంటే తీసివేయండి. తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చిన వాని లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడన్నది ప్రవక్త (సఅసం) శుభవార్త. పాత ఫోను అమ్మేముందు దానిలోని సమాచారమంతా పూర్తిగా చెరిపివేయండి. మీ ఇంటి స్త్రీల చిత్రాలు అంగడిపాలు కావడాన్ని మీరు సహిస్తారా?

మూడవది, రాకను అరికట్టండి. తవ్వెడు నీరు తోడుతూ కుండెడు నీరు పోసుకుంటే బావి ఎండదు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపే వీలున్నది. పలుమార్లు ఫార్వర్డ్ అయిన వాటిని ఒకచోట చూపి తొలగించే సౌకర్యమూ ఉన్నది. నిజానిజాలు తేల్చని వార్తను ఉంచుకోకండి, పంపకండి. విన్నదంతా చెప్పడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునని హదీసు తెలుపుతోంది.

ఇక్కడ కొందరికి ఒక సందేహం కలుగుతుంది. ఆయతులున్న చిత్రాలను, జుమా శుభాకాంక్షలను తుడిచివేస్తే అగౌరవం కాదా అని. అగౌరవపరిచే ఉద్దేశం లేనప్పుడు అందులో దోషం లేదని పలువురు ఉలమాలు వివరించారు. ప్రామాణిక ప్రతులు సిద్ధమైన తరువాత మిగిలిన వ్రాతప్రతులను కాల్చివేయమని హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆదేశించిన సంగతి బుఖారీలో ఉంది. వంద ఆయతులను చదవకుండా నిలువ ఉంచడం కన్నా ఒక్క ఆయతును చదివి ఆచరించడమే గౌరవం.

నాలుగవది, మిగల్చవలసినదాన్ని పదిలపరచండి. అప్పులు, అమానతులు, వసీయతు, ముఖ్య పత్రాల వివరాలు కాగితంపై వ్రాసి నమ్మకస్థులకు తెలియజేయండి. వసీయతు చేయవలసినది ఉన్నవాడు దానిని వ్రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (సఅసం) బోధించారు.

శుక్రవారం గుసుల్ చేసి, శుభ్రమైన దుస్తులు ధరించి మస్జిదుకు వస్తున్నాం. ఆ శుభ్రతకు ఫోనునూ చేర్చుదాం. అయితే సోదరులారా, ఖాళీ అయిన చోట దైవస్మరణ నిండకపోతే పాత చెత్తే తిరిగి వస్తుంది. హృదయాలకు నెమ్మది అల్లాహ్ స్మరణలోనే ఉన్నది.

ఓ అల్లాహ్! మా చెవులను, కళ్ళను, హృదయాలను గురించి నీవు ప్రశ్నించే దినాన మమ్మల్ని అవమానం పాలు చేయకు. మాపై ఎవరి హక్కూ మిగలకుండా మమ్మల్ని నీ వద్దకు పిలుచుకో. మా నమాజులలో మాకు మనశ్శాంతిని ప్రసాదించు. ఆమీన్.