హామ్‌స్టర్‌కు కావలసింది పంజరం కాదు, తవ్వుకునే చోటు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో హామ్‌స్టర్‌కు ఇల్లు ఎట్లా అమర్చాలో మాట్లాడుకుందాం.

మన ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, అమ్ముకునేసరికి పిల్లల పరీక్షలు కూడా అయిపోతాయి. సెలవుల్లో హామ్‌స్టర్ కావాలని మారాం చేస్తారు. షాపులో ఒక చిన్న రంగుల పంజరంలో పెట్టి ఇస్తారు, తెచ్చుకుంటాం. అంటే సరిగ్గా ఎండలు ముదిరే టైమ్‌కి! అందుకే నేను చెప్పేది ఒక్కటే: ముందు ఇల్లు, తర్వాతే హామ్‌స్టర్.

అసలు ఇది ఎక్కడి జీవి? 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఒక గోధుమ చేను తవ్వించి, ఒక తల్లిని, 11 పిల్లలను బయటికి తీయించారు. ఇవాళ ఇళ్లలో పెరిగే సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ సంతతే. అక్కడా ఎండలు గట్టివే. మరి ఎట్లా బతికింది? భూమి లోపల, బొరియలో. తర్వాత పరిశోధకులు అక్కడ కొలిస్తే బొరియల లోతు సగటున 65 సెంటీమీటర్లు ఉంది. మనం ఇచ్చే ఇంట్లో కూడా ఆ లోతు కొంతైనా ఉండాలి.

కొలతలు రాసుకోండి. పెట్టె పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 50, ఎత్తు 50 నుంచి 60. వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించి ముందు అద్దం పెట్టించవచ్చు. పైన ఇనుప జాలీ ఉండాలి, జాలీ సందు ఒక సెంటీమీటరు కంటే తక్కువ ఉండాలి. ఇంట్లో పిల్లి తిరిగితే జాలీకి గొళ్లెం తప్పనిసరి. ఒక పెట్టెలో ఒక్కటే సిరియన్ హామ్‌స్టర్. జంట తీసుకోమంటారు, తీసుకోకండి. పెద్దయ్యాక చంపుకునేదాకా కొట్లాడుకుంటాయి.

అడుగున కనీసం 25, 30 సెంటీమీటర్ల మందం మెత్తటి పరుపు వేయాలి. అచ్చు లేని తెల్ల కాగితం ముక్కలు, మెత్తని ఎండు గడ్డి కలిపి అదిమితే సొరంగం కూలదు. సా మిల్లు నుంచి తెచ్చిన సన్న రంపపు పొట్టు వద్దు, ముక్కులోకి పోతుంది. దేవదారు పొట్టు అసలే వద్దు. ఊక గుచ్చుకుంటుంది, సొరంగం నిలవదు. దూది కాళ్లకు చుట్టుకుంటుంది. పరిగెత్తే చక్రం 28 సెంటీమీటర్లకు తగ్గకూడదు, చువ్వలు లేకుండా నున్నగా ఉండాలి. గుప్పెడు ఎర్రజొన్నలు పరుపు మీద చల్లితే వెతుక్కుని తింటుంది. మందు పట్టించిన విత్తనం మాత్రం వేయొద్దు.

ఇక ఎక్కడ పెట్టాలి? పసుపు పాలిష్ దుమ్ము వచ్చే వైపు వద్దు. బస్తాలకు మందు బిళ్లలు పెట్టిన గదిలో వద్దు. రేకుల కింద వద్దు. కింది అంతస్తులో ఎండ పడని గది చూడండి. చీమలు ఎక్కకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, మన పెద్దవాళ్ల పద్ధతే.

వేడి సంగతి జాగ్రత్తగా వినండి. దీనికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటితే ప్రమాదం. మన దగ్గర వేసవిలో 40 దాటడం మామూలే. పెట్టెలో ఒక షాబాద్ బండ ముక్క, పక్కకు పడుకోబెట్టిన చిన్న మట్టి కుండ ఉంచండి. గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌ను గుడ్డలో చుట్టి పెట్టె బయట ఒక పక్క ఆనించండి. కూలర్ గాలి సూటిగా కొట్టొద్దు, పరుపు తడిసిపోతుంది. హామ్‌స్టర్ కదలకుండా చాపలా పడిపోయి, మూతి తడిగా కనిపిస్తే వడదెబ్బే. వెంటనే చల్లని గదిలోకి మార్చి, తాగడానికి నీళ్లు అందుబాటులో పెట్టి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ఐసు నీళ్లలో ముంచొద్దు.

ఇవన్నీ సాయం చేస్తాయి గానీ, 43 డిగ్రీల గదిని 25 చేయలేవు. కరెంటు పోయినా 30 లోపు నిలిచే గది ఇంట్లో ఉందా? ఒక థర్మామీటరు కొని, మే నెల మధ్యాహ్నం మూడింటికి చూడండి. లేదంటే పిల్లలకు ఆ అంకె చూపించి, ఎందుకు వద్దో చెప్పండి. దసరాకు కొందాంలే అనుకున్నా లాభం లేదు. రెండేళ్లు బతికే జీవి మన దగ్గర రెండు ఎండాకాలాలు చూడాల్సిందే. ఆ రెండూ దాటించగలం అనుకుంటేనే తెచ్చుకోండి.