ప్రమథనాథ బోసు: ఇనుమును చూపినవాడు, ఇనుములాంటివాడు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రైలు పట్టాను గురించి మనకు తెలియనిది లేదనుకుంటాము. ఆ ఉక్కు ఏ కొండల రాతి నుండి వచ్చిందో, ఆ రాతి విలువను ఎవరు చాటారో మాత్రం మనలో పెక్కుమంది ఎరుగరు. నేడు ఆ మహనీయుని గురించి కొద్ది మాటలు మనవి చేస్తాను.

ప్రమథనాథ బోసు 1855లో బెంగాలులో జన్మించారు. 1874లో గిల్‌క్రిస్టు ఉపకారవేతనంపై ఇంగ్లండు వెళ్ళి, లండన్ విశ్వవిద్యాలయంలోను, రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోను చదివారు. 1880లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో అధికారిగా చేరారు. భారతీయులకు అట్టి పదవులు దాదాపు మూసి ఉంచిన కాలమది. నర్మదా లోయలోను, మధ్య పరగణాలలోను ఏళ్ళ తరబడి ఆయన కొండలు, అడవులు గాలించారు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ-రాజహరా కొండల ఇనుప ఖనిజాన్ని 1887లో వెల్లడించారు.

1903లో డైరెక్టరు పదవి ఖాళీ అయింది. అది ఆయన కంటె సర్వీసులో పదేళ్ళు చిన్నవాడైన థామస్ హాలండ్‌కు దక్కింది. ఇరవై మూడేళ్ళ సేవకు లభించిన ఫలమది! బోసుగారు ప్రాధేయపడలేదు, రాజీనామా ఇచ్చి బయటకు నడిచారు.

నడిచి ఊరకుండలేదు. మయూర్‌భంజ్ సంస్థానంలో పరిశోధన చేపట్టి, గొరుమహిసాని కొండలలో మేలైన ఇనుప ఖనిజాన్ని కనుగొన్నారు. అప్పటికి జంషెడ్జీ టాటా ఉక్కు కర్మాగారానికి తగిన చోటు కోసం దేశమంతటా వెదకిస్తున్నారు. ఖనిజం ఉన్నచోట తగిన బొగ్గు, నీరు అందుబాటులో లేక ఆ ప్రయత్నం ముందుకు సాగడం లేదు. మయూర్‌భంజ్ ఖనిజానికైతే ఝరియా బొగ్గు దూరం కాదు. 1904 ఫిబ్రవరి 24న బోసుగారు ఆయనకు ఈ సంగతి లేఖ ద్వారా తెలిపారు. 1907లో టాటా కంపెనీ ఏర్పడింది. 1912లో సాక్చిలో ఉక్కు పోత పోసుకుంది. ఆ సాక్చియే 1919లో జంషెడ్‌పూర్ అయింది.

రాజహరా ఖనిజం మాత్రం స్వాతంత్ర్యం వచ్చేవరకు వేచి ఉంది. 1959లో భిలాయి కొలిమి వెలిగింది. ఆ ఖనిజమే దశాబ్దాలపాటు భిలాయిలో మన రైలు పట్టాలుగా మారింది. పట్టా తనిఖీ చేసే కార్మికుడు ఆయన శ్రమ మీదనే అడుగులు వేశాడు.

మిత్రులారా, ఒక్క విషయం గమనించండి. బోసుగారిది ఘనమైన ఆత్మగౌరవం. అయినా అన్యాయం ఎదురైనపుడు ఆయన చేతిలో ఉన్నది రాజీనామా కాగితమొక్కటే. ఆయన వెనుక నిలిచి, “ఏ నియమం ప్రకారం ఇది చేశారు?” అని అడిగేవారు లేరు. జీతం రాళ్ళపై ఇల్లు గడుపుకునే ట్రాక్‌మన్‌కు, సార్టరుకు ఆ కాగితం కూడ అందుబాటులో లేదు. కుటుంబాన్ని పస్తుంచి ఎవరు రాజీనామా చేయగలరు?

కనుకనే సీనియారిటీ జాబితా కావాలి. అది బహిరంగంగా గోడకెక్కాలి. తప్పు జరిగితే అప్పీలుకు దారి ఉండాలి. వీటిని ఒంటరి వ్యక్తి సాధించలేడు. జాబితాలో మీ పేరు సరిగా ఉన్నదని తృప్తిపడక, మీ పక్కవాని పేరు కూడ చూడండి. బోసుగారికి లేని అండ మన సోదరులకు మనమే కావాలి.