ఇంటిలో విమానము

కంటిచూపు చాలక విమానచోదకుడు కాలేకపోయిన మా అబ్బాయి కొరకు మా క్వార్టరులో ఒక సిమ్యులేటరు వెలసినది. దానికి థ్రాటిల్ ఎన్నుకొనుటలో నేను మొదట పొరబడితిని.

చౌకగా దొరికిన మీట ఏడాదికే చెడినది. చేయి కదల్పకున్నను తెరపై ఇంజను వేగము హెచ్చుచు తగ్గుచుండెడిది. మావాడు దిగబోవువేళనే ఆ వణకు! లోపలి పొటెన్షియోమీటరు ఒరిపిడికి అరిగినది. అయస్కాంతముతో పనిచేయు హాల్ సెన్సరులో ఆ ఒరిపిడి లేదు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రమది. ధర హెచ్చైనను నేనిపుడు దానినే కోరుదును.

ఏ విమానము నడపదలచితిమో ముందు తేల్చుకొనవలెను. సెస్నా 172లో థ్రాటిల్ మీట కాదు, లోనికి నొక్కి వెలికి లాగు గుండీ. ప్రక్కనే ఎర్రని మిక్స్చర్ గుండీ. ఎయిర్‌బస్ ఎ320లో మీటలు గుర్తుల వద్ద తటాలున నిలుచును. ఆటోథ్రస్ట్ పనిచేయునపుడు కదలవు. బోయింగ్ 737లో ఆటోథ్రాటిల్ వేసినచో తమంత తామే కదలును. అట్టి మోటారు మీటల జోలికి మన జీతములతో పోరాదు. ఆరు మీటల హనీకోంబ్ బ్రావోలో పిడులు మార్చుకొనవచ్చును గాని, కొనుటకు ముందు బల్లను కొలిచి చూచుకొనుడు.

నిన్న రాత్రి మావాడు సెస్నాను బేగంపేట రన్‌వేపై చక్కగా దింపెను. భోజనమునకు మూడుమార్లు పిలిచినను లేవలేదు.