పాత కంప్యూటర్‌ను విప్పాలా, దాచాలా?

1982లో అమెరికాలో కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ వచ్చింది. మెమరీ 64 కిలోబైట్లే. కానీ అందులో సిడ్ అనే ధ్వని చిప్ ఉంది. దాన్ని రూపొందించిన బాబ్ యానెస్‌కు సంగీత వాద్యాలంటే మక్కువ. అందుకే ఒకేసారి మూడు స్వరాలు పలికే సింథసైజర్‌నే ఆ చిప్‌లో ఇమిడ్చారు.

ఆ గొప్పతనమే కంప్యూటర్‌కు ముప్పు తెచ్చింది. సిడ్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆ గరుకు నాదం కావాలనుకున్న సంగీతప్రియులు బాగున్న కంప్యూటర్లను కూడా విప్పి చిప్‌లు ఊడదీసుకున్నారు. స్వీడన్‌లో తయారైన సిడ్‌స్టేషన్ అనే వాద్యంలో పలికేదీ అసలు సిడ్ చిప్పే.

బోర్డు పూర్తిగా చెడిపోయిన యంత్రం నుంచి చిప్ తీసి, మరో యంత్రాన్ని బతికించడం మంచిపనే. పనిచేస్తున్న యంత్రాన్ని విప్పడం మాత్రం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. సిడ్ స్థానంలో అమర్చుకునే కొత్త చిప్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి కూడా!

ఇక దాచడమంటే, అటకెక్కించి మరిచిపోతే కుదరదు. కమోడోర్ 64 పాత అడాప్టర్ చెడితే వోల్టేజీ పెరిగి మెమరీ చిప్‌లు మాడిపోవచ్చు. 1990ల నాటి చాలా కంప్యూటర్లలో గడియారం కోసం చిన్న బ్యాటరీ ఉంటుంది. ఏళ్లు గడిచాక అది కారితే, బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది.

మీ ఇంట్లో అలాంటి పాత కంప్యూటర్ ఉంటే, పాత సామాన్ల బండికి వేసేముందు ఒకసారి మూత తెరిచి చూడండి. ఆ బ్యాటరీ కనిపిస్తే, తెలిసినవారి చేత ఈ వారమే తీయించండి.