నల్లగుడ్డ కింద నుంచి చూసిన మనిషి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుస్తున్నాం. ఆ తీర్పు గురించీ, డి.ఏ. బకాయిల గురించీ నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నన్ను కార్యదర్శిగారు "ఏదైనా పాతకాలపు సంగతి చెప్పండి" అన్నారు. అందుకని ఒక నల్లగుడ్డ గురించి చెబుతాను.

డెబ్భై దాటినవారందరూ ఆ గుడ్డను చూసే ఉంటారు. మూడుకాళ్ళ స్టాండు మీద చెక్క కెమేరా, దానికి హార్మోనియం తిత్తిలాగా ముడతల సంచి, వెనక నల్లగుడ్డ. కంకిపాడు దగ్గర మా ఊళ్ళో పెళ్ళికి బెజవాడ నుంచి ఫోటోగ్రాఫరు వస్తే, పిల్లలం పెళ్ళికొడుకును వదిలేసి ఆయన చుట్టూ మూగేవాళ్ళం. ఆయన ఆ గుడ్డలో తల దూర్చి ఏదో మంత్రం వేస్తున్నాడని అనుకునేవాళ్ళం.

అందులో మంత్రమేమీ లేదని తరవాత తెలిసింది. ఎండాకాలం మధ్యాహ్నం తలుపులు మూసుకుని పడుకున్నప్పుడు, తలుపు చిల్లులోంచి వెలుగు పడి, వీధిలో పోయే మనిషి ఎదుటి గోడమీద తలకిందులుగా నడవడం మీలో కొందరు చూసే ఉంటారు. అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైతమ్ ఇటువంటి దానిని వెయ్యేళ్ళ క్రితమే పరిశీలించి రాశాడు. ఆ పెద్ద కెమేరాలో జరిగేదీ అదే. ముందున్న లెన్సులోంచి వచ్చిన బొమ్మ వెనకనున్న మసక అద్దం మీద పడుతుంది. అదీ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై పడుతుంది. ఆ బొమ్మ చాలా పలచన. బెజవాడ ఎండలో ఆ అద్దాన్ని ఊరికే చూస్తే ఏమీ కనపడదు. బయటి వెలుగు కంటికి అడ్డు రాకుండా చేసేదే ఆ నల్లగుడ్డ. లోపల ఒకటి రెండు నిమిషాలు ఉంటేగాని కన్ను చీకటికి అలవాటు పడదు. అప్పుడు సంచిని ముందుకూ వెనక్కూ జరిపి, మూలమూలలా బొమ్మ స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంత ఉక్కలో, మందపాటి గుడ్డ కింద, చెమటలు కారుతుండగా!

ఇంకో సంగతి. అంతా సరిచూసుకున్నాక లెన్సు మూసి, ఫిల్ము ఉన్న ప్లేటు పెట్టెను వెనక అమరుస్తారు. అది పెట్టాక ఫోటోగ్రాఫరుకు కెమేరాలోంచి మరి ఏమీ కనపడదు. చూడవలసినదంతా ముందే చూసి ఉండాలి. బయటికి వచ్చి "కదలకండి" అని, మూత తీసి, మళ్ళీ పెట్టడమే మిగిలిన పని.

మన తెలుగుగడ్డమీద ఈ విద్యలో మహాపురుషుడు హైదరాబాదు నిజాము ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ (1844-1905). ఘోషా స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాదులో వేరే స్టూడియో పెట్టి ఒక ఆంగ్ల వనిత చేత నడిపించారు. ఆయన గాజు నెగటివులు 2,857 ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆయన రాజులనూ కోటలనూ తీశారు. నేను చెప్పబోయేది ఒక అటెండరు ఫోటో.

1974లో మా ఆఫీసులో పెద్ద సూపరింటెండెంటుగారు రిటైరయ్యారు. గ్రూపు ఫోటోకు గవర్నరుపేట నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నేను సర్వీసులో అందరికంటే చిన్నవాణ్ణి గనుక కుర్చీలు వేయించి, హోదాప్రకారం అందరినీ నిలబెట్టే పని నాకు అప్పగించారు. మా అటెండరు ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను, పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి వెనక వరస చివర నిలబడ్డాడు. నేను, "నువ్వు ఆ స్తంభం దగ్గర ఉండు, ఎవరైనా వస్తే చూసుకో" అన్నాను. "అట్టాగేనండి" అని వెళ్ళాడు.

ఫోటోగ్రాఫరుగారు గుడ్డలో చాలాసేపు ఉన్నారు. బయటికి వచ్చి, "స్తంభం దగ్గరాయన సగమే పడుతున్నాడు, వరసలోకి రమ్మనండి" అన్నారు.

"ఆయన అవసరం లేదండీ, పక్కకు తప్పుకోమంటాను" అన్నాను.

"ఈ ఆఫీసు మనిషే కదండీ?"

"మనిషేననుకోండి..."

"అయితే రమ్మనండి" అని, ఆయనే వెళ్ళి, అటెండరును భుజం పట్టుకుని తీసుకొచ్చి వరసలో నిలబెట్టారు. ఒకరు చేరారు గనుక కెమేరాను రెండడుగులు వెనక్కి జరిపి, మళ్ళీ గుడ్డలో దూరి మొదటినుంచీ సరిచూసుకున్నారు. ఎండలో నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. నేను కూడా విసుక్కున్నాను.

ఫోటో కాపీలు డబ్బు కట్టినవారికే ఇచ్చారు. అటెండరు కట్టలేదు. ఆ సంగతి అంతటితో మరిచిపోయాం.

1986లో ఆయన సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. ఫ్యామిలీ పెన్షను కాగితాలు తయారుచేసింది నేనే. తొమ్మిదోరోజున పెద్దకొడుకు వచ్చి, "పెద్దకర్మకు దండ వేయడానికి నాన్న ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదండీ" అన్నాడు. అప్పుడు నాకు ఆ గ్రూపు ఫోటో గుర్తొచ్చింది. మా గోడమీది ఫ్రేము విప్పి, ఇద్దరం సైకిలు మీద గవర్నరుపేట వెళ్ళాం. పెద్దాయన అప్పటికే లేరు, కొడుకు నడుపుతున్నాడు. ఫోటో వెనక నంబరు చూసి, అటకమీది పెట్టెల్లోంచి నెగటివ్ తీశాడు.

నెగటివ్ ఫుల్ ప్లేటు, అంటే 6½ అంగుళాలకు 8½ అంగుళాలు. తరవాత వచ్చిన చిన్న కెమేరాల రీలు ఫిల్ములో ఒక ఫ్రేముకంటే ఇది నలభై రెట్లు పెద్దది. అందులో అటెండరు ముఖం శనగగింజంత ఉంది. దాన్ని పెద్దది చేసి ఇచ్చాడు. ఎక్కడా చెదరలేదు. పెద్దాయన రెండోసారి కూడా గుడ్డలో దూరి ఆ చివరి మనిషి దాకా సరిచూసుకున్నారు గనుకనే అంత స్పష్టంగా వచ్చింది.

ఆయన భార్య ఆ ఫోటోను చాలాసేపు చూసి, చొక్కా కాలరు మీద వేలు పెట్టి, "ఇది నేను తిరగేసి కుట్టిందేనండీ" అన్నది. కుట్లు కనపడుతున్నాయి.

"మీరు చేసిన మేలు మరిచిపోలేమండీ" అన్నారు ఇంటిల్లిపాదీ. నేను ఊరుకున్నాను. ఆ ఫోటోలోంచి ఆయన్ని తప్పించబోయినవాణ్ణి నేనేనని చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళ తరవాత ఇవాళ మీ ముందు చెబుతున్నాను. నేను హోదానుబట్టి చూశాను. ఆ పెద్దాయనకు మసక అద్దంమీద సూపరింటెండెంటూ, అటెండరూ అందరూ ఒకేలా తలకిందులుగా కనపడ్డారు. ఆయన చూసుకున్నదల్లా ఎవరైనా తెగిపోతున్నారా అనేది మాత్రమే.

ఇప్పుడు ఫోను ముందు ముఖం పెట్టి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజులు వచ్చాయి. సంతోషమే. కాని మనందరి ఇళ్ళలో పాత గ్రూపు ఫోటోలు చెదలు పట్టిపోతున్నాయి. వాటిలో ఎవరెవరున్నారో మనం పోతే చెప్పేవాళ్ళుండరు. అందుచేత నా మనవి ఒక్కటే. ఈ సంక్రాంతిలోగా వాటిని కిందికి దించి, వెనకవైపు మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, అందరి పేర్లూ రాయండి. అటెండరు, వాచ్‌మన్, స్వీపరు పేర్లు కూడా రాయండి. పేరు గుర్తు రాకపోతే తోటివారికి ఫోను చేసి అడగండి. వాళ్ళ కుటుంబాలు ఎక్కడున్నాయో తెలిస్తే ఒక కాపీ తీయించి పంపండి.

మా ఫోటో వెనక నేను రాశాను. వెనక వరసలో చివరి పేరుతో మొదలుపెట్టాను.