నడిరేయి వైద్యము

మా మోతి వయస్సు ఆరేండ్లు. జాతి యేదని యడిగినవారికి కాకినాడ జాతి యని చెప్పుచుందుము. జగన్నాథపురము వంతెనకడ వానలో తడియుచు మా అమ్మాయికి దొరకినది. కంచముల చప్పుడు విన్నంతనే వంటయింటి గడపకడ కూర్చుండు ఆ జంతువు గతమాసములో నొక సాయంకాలము రాలేదు. పెరుగన్నము ముట్టలేదు. రాత్రి పది గంటలకు ముక్కునుండి రెండు నెత్తుటి చుక్కలు గచ్చుమీద రాలినవి.

శ్రోతలలో జంతువులను పెంచువారికి తరువాతి కథ తెలిసియే యుండును. ఆ వేళ వైద్యుని లేపుటకు మొగమాటము. చేతిలో సెల్‌ఫోను కలదు. కుక్క ముక్కునుండి రక్తము అని వ్రాసి వెదకితిని. ఒక పుటలో దెబ్బ యనిరి, వేరొకదానిలో ఎలుకలమందు, మూడవదానిలో రాచపుండు. చదివిన ప్రతి వ్యాధియు మోతియందు కనిపింపసాగినది. ఎలుకలమందనగానే పొరుగింటి పెరడు జ్ఞప్తికి వచ్చెను. ఈ ఊరిలో, ఈ ఋతువులో తరచుగా వచ్చు జబ్బేదియో వైద్యుడు మొదట ఆలోచించును. నేనైతే అన్నిటికంటె భయంకరమైనదానిని మొదట చదివితిని.

పన్నెండు గంటలకు థర్మామీటరు పెట్టి చూచితిని. 102 డిగ్రీలు! అమ్మాయి యేడ్చినది. ఇంటిలోని జ్వరపు మాత్ర తెచ్చి సగము విఱిచితిని. ఇంతలో కుక్కకు 101 మొదలు 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు వరకు సహజోష్ణమే యను మాట కంటబడినది. మన నొప్పిమాత్రలలో ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండములను చెఱచును. పారాసెటమాల్ పిల్లికైనచో ఒక్క మాత్రయే ప్రాణాంతకము కావచ్చును. ఈ సంగతి తెలిపినదియు ఆ ఫోనే. కనుక దానిని నిందింపజాలను. మాత్రను కాగితములో చుట్టునప్పుడు నా చేయి వణకినది.

తెల్లవారి పశువైద్యునికడకు గొనిపోతిమి. ఆయన ప్రశ్నలు నాలుగే: ఏనాటినుండి తినలేదు? మూత్రమే రంగు? చిగుళ్లు చూచితిరా? వ్రేళ్ల సందున గోమార్లున్నవా? మూడు గంటలవరకు చదివిన నేను మొదటిదానికి మాత్రమే బదులు చెప్పగలిగితిని. రాత్రియంతయు మోతి నా కాళ్లకడనే పండుకొనియున్నది. దాని పెదవి యెత్తి చూడవలెనని నాకు తోచలేదు. ఆయన యెత్తెను. చిగుళ్లు పాలిపోయియున్నవి. వ్రేళ్ల సందునుండి మూడు గోమార్లను తీసి బల్లమీద పెట్టెను. రెండు లక్షలైన నుండవలసిన ప్లేట్‌లెట్లు రక్తపరీక్షలో 30,000 అని తేలినవి.

వ్యాధి గోమారి జ్వరము. దానికి కారణమగు ఎర్లీకియా యను సూక్ష్మజీవిని 1935లో అల్జీరియాలోని కుక్కలయందు గుర్తించిరి. అది తెల్లకణములలో చేరును. ప్లేట్‌లెట్లు క్షీణించి నెత్తురు ముక్కువెంట కారును. మందు డాక్సీసైక్లిన్, 28 దినములు. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబమున మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడినది. కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ యేడే ఆయన మరణించిరి. బోదకాలు జబ్బునకు వాడు హెట్రజాన్ కూడ అక్కడిదే. ఆ జబ్బు సంగతి కాకినాడవారికి నేను చెప్పనక్కరలేదు. గోదావరి మండలముల బిడ్డ నడిపిన పరిశోధనల వారసత్వము మా వీధికుక్క నోటిలో పడుట నాకు వింతగా తోచినది.

మందుతో పని తీరలేదు. ఆ గోమారి గోడ పగుళ్లలో దాగి వేలకొలది గ్రుడ్లు పెట్టునట. ఇల్లంతయు మందు చల్లించితిమి.

మూడవనాటి సాయంకాలము కంచముల చప్పుడునకు మోతి గడపకడకు వచ్చినది. కూర్చుండలేక పండుకొని నాలుగు ముద్దలు తిన్నది. నేటికి 19 దినములు గడచినవి. మఱల రక్తము పరీక్షింపవలసియున్నది. రాత్రి భోజనమైన పిదప ఫోనును వంటయింటి అలమరలో పెట్టుచున్నాను. అమ్మాయి దీపము పట్టుకొనగా మోతి వ్రేళ్ల సందులు ఒక్కొక్కటిగా చూచుచున్నాము.